బావిలో పెట్రోలు వాసన పోయింది: బ్యాక్టీరియా తినేసిందా, దిగువకు కొట్టుకుపోయిందా?

పాతబావి | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక తగువు తేలడం లేదు, మీరైనా తేల్చండి.

చంద్రగిరి అవతల రోడ్డు పక్కన మాకు మామిడి తోట ఉంది. అందులో మా తాత తవ్వించిన కపిల బావి, 40 అడుగుల లోతు. 2011లో ఒకరోజు మా అమ్మ బిందె ముంచితే నీళ్ళ మీద నెమలి ఈకలాగా రంగులు తేలాయి. వాసన చూస్తే అచ్చంగా పెట్రోలే. రోడ్డుకు అవతల ఒక బంకు ఉండేది. భూమిలోని ట్యాంకు కారుతోందని తర్వాత తెలిసింది. ట్యాంకు మార్చారు, మాకు నాలుగు నెలలు ట్యాంకరు నీళ్ళు తోలారు, అంతటితో సరి. మేము బావి చుట్టూ కంప వేసి వదిలేశాం.

మొన్న కంప తీసి నీళ్ళు తోడితే వాసన లేదు, రంగులు లేవు. ఎస్వీ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివే మా అక్క కొడుకు "బ్యాక్టీరియా తినేసింది మామా" అంటాడు. మా చిన్నాన్నేమో "2021 నవంబరు వానలకు అంతా కొట్టుకుపోయింది, బ్యాక్టీరియా లేదు బూడిదా లేదు" అంటాడు. ఎవరిది రైటు? అసలు నాకు కావాల్సింది ఇది: ఈ నీళ్ళు తాగొచ్చా?

రేణిగుంట_ప్యాసింజర్ | శనివారం రాత్రి 9:22

పెట్రోలు ఇప్పుడున్న రేటుకు దాన్ని తాగి బతికే ప్రాణి ఏదైనా ఉంటే అది మా బావమరిది బండి ఒక్కటే. బ్యాక్టీరియాకు అంత స్తోమత ఎక్కడిదబ్బా?

బోరుబండి | శనివారం రాత్రి 10:05

అన్నా, నేను ఇరవై ఏళ్ళుగా రిగ్గు మీద ఉండాను. మన పక్క పైన ఎర్రమట్టి, దాని కింద గుల్ల రాయి, ఆ కింద అంతా బండ. నీళ్ళు ఉండేది గుల్లలోనూ బండ పగుళ్ళలోనూ. నీ బావి 40 అడుగులంటే గుల్లలోనే ఉండాది. పెట్రోలు తేలిక, నీళ్ళ మీద తేలతాది, పగులు దొరికితే ఎటైనా పోతాది. మీ చిన్నాన్న చెప్పిందే కరెక్టు అనిపిస్తా ఉండాది. చీకట్లో, గాలి లేని చోట, రాతి లోపల పురుగు బతకడం ఏంది?

ల్యాబ్_అక్క | శనివారం రాత్రి 11:40

బోరుబండి అన్నా, రాతి లోపల బతుకుతాయి. దక్షిణాఫ్రికాలో ఎంపొనెంగ్ అని బంగారు గని ఉంది. అక్కడ 2.8 కిలోమీటర్ల లోతున పగుళ్ళలోని నీళ్ళలో ఒక బ్యాక్టీరియా దొరికింది. దాని జన్యువుల వివరాలు 2008లో వచ్చాయి. పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వియేటర్. ఎండ లేదు, ఆక్సిజన్ లేదు. చుట్టూ ఉన్న రాతిలోని యురేనియం రేడియేషన్‌కు నీరు విడిపోయి హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజనే దానికి కూడు. మన వెయ్యి అడుగుల బోరు దాని ముందు పెరట్లో గుంత.

పాతబావి గారూ, మీ మేనల్లుడిదీ చిన్నాన్నదీ చెరి సగం రైటు. పెట్రోల్లో కొంత గాలిలోకి ఆవిరవుతుంది, కొంత నీళ్ళతో దిగువకు పోతుంది, కొంత మట్టికి అంటుకుని ఉండిపోతుంది, కొంత బ్యాక్టీరియా తింటుంది. వాసన పోయిందన్న ఒక్క మాటతో ఏది ఎంతో చెప్పలేం. అందుకే రెండు ప్రశ్నలు. వాసన వచ్చిన తొలి ఏళ్ళలో ఆ నీళ్ళను బిందెలో రాత్రంతా పెడితే అడుగున ఎర్రటి మడ్డి పట్టేదా? కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఎప్పుడైనా వచ్చిందా? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెప్పండి. ఎందుకడుగుతున్నానో తర్వాత చెబుతాను.

చిత్తూరు_పల్ప్ | ఆదివారం ఉదయం 6:50

నేను మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో వ్యర్థ జలాల ట్యాంకు చూసుకుంటాను. బ్యాక్టీరియా తింటుందంటే నాకు డౌటేమీ లేదు, నా జీతమే దాని మీద. సీజన్ మొదట్లో పేడ కలిపి వేస్తాం, నీళ్ళలోకి గాలి ఊదే బ్లోయర్ తిప్పుతాం, వారం పది రోజుల్లో ట్యాంకంతా గోధుమరంగు బురద లేస్తుంది. బెంగళూరా మామిడి తొక్కు నీళ్ళు ఎన్ని వచ్చినా లాగించేస్తుంది. నా ప్రశ్న వేరు. మా దగ్గర రోజుల్లో అయ్యే పని భూమిలో ఏళ్ళు ఎందుకు పడుతుంది? అక్కడి బ్యాక్టీరియా బద్ధకస్తులా?

రిటైర్డ్_కెమిస్ట్రీ | ఆదివారం ఉదయం 8:15

బద్ధకం కాదు నాయనా, ఊపిరి చాలదు. మీ బ్లోయర్ ఆపి చూడు, రెండో రోజుకే నీ ట్యాంకు కంపు కొడుతుంది.

కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను. పెట్రోల్లో ఉండే బెంజీన్ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారాలంటే ఒక అణువుకు ఏడున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. తూకంలో 78 గ్రాముల బెంజీన్‌కు 240 గ్రాముల ఆక్సిజన్, అంటే ఒకటికి మూడు. పెట్రోలు మొత్తంగా తీసుకుంటే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు, దానికి రెండున్నర కిలోల ఆక్సిజన్ అనుకో. మన ఎండలకు 28 డిగ్రీలున్న నీళ్ళలో గాలి ఎంత బాగా తగిలినా లీటరుకు 8 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ కరగదు. భాగించు. మూడు లక్షల లీటర్ల పైన వస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు అరవైకి పైగా! అన్ని నీళ్ళలో ఉన్న ఊపిరంతా ఒక్క లీటరు పెట్రోలుకే సరి. బంకు ట్యాంకు కారింది ఒక్క లీటరా?

చిత్తూరు_పల్ప్ | ఆదివారం ఉదయం 8:31

అరవై ట్యాంకర్లా! సార్, ఇది మా సూపర్‌వైజర్‌కు చూపించాలి, కరెంటు బిల్లు ఎక్కువైందని బ్లోయర్ ఆపమంటుంటాడు.

పాతబావి | ఆదివారం మధ్యాహ్నం 1:20

అక్కా, మా అమ్మను అడిగాను. మీరు పక్కనుండి చూసినట్టే అడిగారు. పెట్రోలు వాసన వచ్చిన మరుసటి ఏడాది మొక్కలకైనా పోద్దామని తోడితే నీళ్ళు తేటగానే వచ్చేవట. ఇత్తడి బిందెలో పెట్టి తెల్లారి చూస్తే పైన తుప్పు రంగు పొర, అడుగున ఎర్ర మడ్డి. చింతపండు పెట్టి తోమినా బిందె లోపలి మరక పోలేదని, ఆ బిందె ఇప్పటికీ అటక మీద ఉందని చెప్పింది. దింపి చూశాను, కుత్తిక కింద చుట్టూ ఎర్రటి గీత ఉంది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళు గుడ్డు కుళ్ళిన వాసన కూడా వచ్చిందట. బావి పూర్తిగా చచ్చిందనుకుని అప్పుడే కంప వేశారు.

ల్యాబ్_అక్క | ఆదివారం రాత్రి 10:30

ఆ బిందెను తోమకండి, అదే మీ సాక్ష్యం.

సార్ చెప్పినట్టు ఆక్సిజన్ మొదట్లోనే అయిపోతుంది. అప్పుడు పెట్రోలు తినే బ్యాక్టీరియా చస్తుందా అంటే, కొన్ని చస్తాయి, కొన్ని నిద్రపోతాయి, వేరే జాతులు లేస్తాయి. మనం తిన్న అన్నంలోని ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పజెబుతాం, దాన్నే ఊపిరి అంటున్నాం. ఈ జాతులు వాటిని వేరేవాటికి ఇవ్వగలవు. మొదట నైట్రేట్, తర్వాత మాంగనీస్, ఆ తర్వాత మట్టిలోని ఇనుప తుప్పు, తర్వాత సల్ఫేట్, ఏమీ లేకపోతే కార్బన్ డయాక్సైడ్. అలిపిరి మెట్లు పైనుంచి దిగినట్టు అనుకోండి. పై మెట్టు మీద శక్తి ఎక్కువ, కిందికి పోయేకొద్దీ ఒక్కో ముద్దకు దక్కే బలం తగ్గుతుంది. బలం తక్కువైతే పెరుగుదలా నిదానమే. చిత్తూరు తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మన ఎర్రమట్టి ఎర్రగా ఉండేది ఇనుప తుప్పు వల్లే. ఆ తుప్పును ఊపిరిగా వాడుకునే జియోబాక్టర్ అనే బ్యాక్టీరియాను 1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదలోంచి తీశారు. అది టాల్యూన్ లాంటి పెట్రోలు పదార్థాలను తింటూ, కరగని తుప్పును నీళ్ళలో కరిగే ఇనుముగా మారుస్తుంది. అందుకే మీ నీళ్ళు తోడినప్పుడు తేట, రాత్రంతా గాలి తగిలాక మళ్ళీ తుప్పై బిందెకు అంటుకుంది. గుడ్డు వాసన సల్ఫేట్ మెట్టు, ఆ వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. మీ అమ్మగారు బావి చచ్చిందనుకున్న రోజుల్లోనే లోపల పని జోరుగా సాగుతోంది.

ఇనుము, గుడ్డు వాసన వేరే కారణాలకూ వస్తాయి, అది ఒప్పుకుంటాను. కానీ పెట్రోలు వచ్చాక వరుసగా ఒకదాని వెనక ఒకటి రావడం యాదృచ్ఛికం అనిపించడం లేదు.

బోరుబండి | ఆదివారం రాత్రి 11:02

అక్కా, ఎర్ర నీళ్ళు వస్తే కేసింగ్ తుప్పు పట్టిందని ఇన్నాళ్ళూ రైతులకు చెప్తా ఉండాను. ఎంతమందికి తప్పు చెప్పినానో ఏమో.

ల్యాబ్_అక్క | ఆదివారం రాత్రి 11:09

కేసింగ్ కూడా తుప్పు పడుతుంది అన్నా, అన్నిసార్లూ తప్పు కాదులే.

పులిచెర్ల_పిల్ల | సోమవారం ఉదయం 7:45

నిదానం అంటే ఎంత నిదానం? మా పుస్తకంలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకు రెండవుతుందని ఉంది. అదే తిండి లేకపోతే ఏళ్ళ తరబడి ఎట్లా బతుకుతాయి? టెన్త్ పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పండి, పరీక్షకు కాదు, ఊరికే.

ల్యాబ్_అక్క | సోమవారం మధ్యాహ్నం 2:15

ఊరికే అడిగే ప్రశ్నే మంచి ప్రశ్న.

20 నిమిషాలన్నది ల్యాబులో, 37 డిగ్రీల్లో, కడుపు నిండా పెట్టినప్పటి సంగతి. ఈ.కోలైనే తీసుకెళ్ళి బావి అడుగున వదిలితే అంత వేగం ఉండదు. పుట్టుకతోనే నిదానమైనవి వేరే ఉన్నాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రి పేరు విని ఉంటావు. టీబీ క్రిమి ఒకటి రెండవడానికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే గట్టి మీడియం మీద కల్చర్ పెడితే ఆరు నుంచి ఎనిమిది వారాలు చూస్తారు. దానికి దాయాదులు, రోగం తేనివి, మట్టిలో బోలెడు. మైకోబాక్టీరియాలే. వాటి ఒంటి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది, నూనె పదార్థాలు దానికి బాగా అంటుకుంటాయి. డీజిల్, తారులో ఉండే నాలుగు ఉంగరాల పైరీన్ లాంటి మొండి అణువులను వాటిలో కొన్ని జాతులు విరగ్గొడతాయి. తొందరగా పెరిగేవి తేలికైన ముక్కలు తినేసి పోతే, మిగిలిన మొండివాటి దగ్గర కూర్చునేది ఇవి.

ఇక కరువు. మన సీమవాళ్ళకు వేరే చెప్పాలా? కరువులో ఇల్లు ఎట్లా నడుస్తుందో అవీ అట్లాగే. కొన్ని జాతులు పెరగకుండానే రెండుగా చీలి చిన్నవైపోతాయి. ఒళ్ళు చిన్నదైతే ఖర్చు తక్కువ, పైగా ఒంటి సైజుతో పోలిస్తే బయటి చర్మం ఎక్కువ, తిండి గీరుకోవడం తేలిక. కొన్ని మంచి రోజుల్లో కొవ్వులాంటి గుళికలు దాచుకుంటాయి, మన పెద్దలు రాగులు పాతరలో దాచినట్టు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు తగ్గించేస్తాయి. అంటే పొయ్యి ఆర్పకుండా నిప్పు మీద బూడిద కప్పడమే. కొన్ని గట్టి పెంకుతో సిద్ధబీజాలై పడుకుంటాయి. ఎక్కువ భాగం నీళ్ళలో ఈదవు, రాతికీ ఇసుక రేణువుకూ జిగురుతో అంటుకుని ఉంటాయి. నీరు కదులుతూ తెచ్చే తిండిని కూర్చున్న చోటే పట్టుకోవచ్చు. అందుకే తోడిన నీళ్ళలో లెక్కపెడితే తక్కువే కనిపిస్తాయి.

పసిఫిక్ సముద్రం అడుగున 10 కోట్ల ఏళ్ళ కిందటి మట్టి పొరలోంచి సూక్ష్మజీవులను తీసి, తిండి పెడితే అవి మళ్ళీ లేచి పెరిగాయి. జపాన్ వాళ్ళు 2020లో ప్రకటించారు. నేను రెండుసార్లు చదివాను, నమ్మడానికి.

చిత్తూరు_పల్ప్ | సోమవారం సాయంత్రం 5:40

ఇది నిజం. సీజన్ అయ్యాక మా ట్యాంకు బురద నెలల తరబడి నల్లగా అడుగున పడి ఉంటుంది. మళ్ళీ మామిడి వచ్చాక గాలి, తొక్కు నీళ్ళు వదిలితే కొత్త పేడ సగం వేసినా చాలు, పాత బురదే లేస్తుంది. చచ్చిందనుకున్నది చచ్చి ఉండదు.

మెకానిక్_తిరుచానూరు | సోమవారం రాత్రి 8:12

అయితే సింపుల్ కదా. సెప్టిక్ ట్యాంకుకు వేసే బ్యాక్టీరియా పౌడరు ఆన్‌లైన్లో దొరుకుతుంది. రెండు ప్యాకెట్లు బావిలో వేస్తే పాతబావి అన్నకు పని అయిపోతుంది. చమురు తినే బ్యాక్టీరియాకు మన చక్రవర్తి గారికి అమెరికాలో పేటెంటు కూడా ఇచ్చారు కదా.

ల్యాబ్_అక్క | సోమవారం రాత్రి 9:00

దయచేసి వెయ్యకండి. సెప్టిక్ పౌడరు మలానికి అలవాటైన సరుకు, బెంజీన్ దాని వంట కాదు. ఆనంద మోహన్ చక్రవర్తి గారి సూడోమోనాస్ బ్యాక్టీరియా పేటెంటు మీద 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చరిత్రే. కానీ ఆ బ్యాక్టీరియాను బయట చమురు తెట్టు మీద ఎప్పుడూ వాడలేదు. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు తీరంలో పనికొచ్చింది ఎరువు చల్లడం. తినేవి అక్కడే ఉన్నాయి, నత్రజని, భాస్వరం చాలలేదు, అవి అందించారు. పాతబావి గారి బావిలోనూ తినేవాళ్ళకు కొదవ లేదు. కొరత ఊపిరికి.

తినడం మధ్యలో ఆగిపోతే ఇంకో ముప్పు. ఇది పెట్రోలు సంగతి కాదు, మీ షెడ్డు లాంటి చోట్ల ఇనుప భాగాల గ్రీజు తుడిచే క్లోరిన్ ద్రావకాల సంగతి. ట్రైక్లోరోఇథిలీన్ అంటారు. దాన్ని చివరిదాకా విరగ్గొట్టేది డీహాలోకోకాయిడిస్ అనే ఒక్క కుటుంబమే అని చెప్పుకోవచ్చు. 1997లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు ప్రకటించారు. దానికి క్లోరిన్ ఉన్న ఇలాంటి పదార్థాలే ఊపిరి, ఇంకేదీ పట్టదు. ఆక్సిజన్ తగిలితే చస్తుంది. హైడ్రోజన్, అసిటేట్, విటమిన్ బీ12 పక్కింటివాళ్ళు పెట్టాలి. జన్యువులు ఈ.కోలైలో మూడో వంతు. ఇంత నాజూకు జీవి లేని చోట పని సగంలో ఆగి వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. అది క్యాన్సర్ తెచ్చేది, అసలు సరుకు కంటే ప్రమాదం. వాడిన ద్రావకం షెడ్డు వెనక గుంతలో పొయ్యకండి, నిజంగా చెబుతున్నాను.

మెకానిక్_తిరుచానూరు | సోమవారం రాత్రి 9:04

నేను కిరోసిన్, డీజిలే వాడతాను అక్కా. అయినా వెనక గుంత ఉంది... రేపు చూస్తాను.

రేణిగుంట_ప్యాసింజర్ | సోమవారం రాత్రి 9:30

నైట్రేట్ పై మెట్టు, సల్ఫేట్ కింది మెట్టు అన్నారు కదా. తిండి తగ్గితే మళ్ళీ పైకి ఎక్కుతుందా? జోకు కాదు, నిజంగానే అడుగుతున్నా.

ల్యాబ్_అక్క | సోమవారం రాత్రి 9:41

ఎక్కుతుంది. దిగిన వరుసకు తలకిందులుగా. గుడ్డు వాసన ముందు పోతుంది, తర్వాత ఇనుము, తర్వాత నైట్రేట్ మళ్ళీ కనబడుతుంది, చివర ఆక్సిజన్. జోకులు మానేసి నువ్వు ఈ చదువు చదవాల్సింది.

పాతబావి | గురువారం రాత్రి 7:55

ఆలస్యమైంది, క్షమించాలి. నీళ్ళు ఒక ల్యాబులో ఇచ్చాను. పెట్రోలు అవశేషాలు చూడమని నోటితో చెప్పాను, సరే అన్నారు. డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకుంటే అందులో కాఠిన్యం, టీడీఎస్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము ఉన్నాయి, బెంజీన్ ఊసే లేదు. అడిగితే "మా దగ్గర ఆ మెషీన్ లేదు, ఇవన్నీ బాగున్నాయి, తాగండి" అన్నారు. పోలికకు మా పక్క చెరుకు తోట బావి నీళ్ళు కూడా ఇచ్చాను. వాళ్ళ బావిలో నైట్రేట్ లీటరుకు 58 మిల్లీగ్రాములు, హద్దు 45. మాది 2. ఇనుము మాకు కొంచెం, వాళ్ళకు లేదు. చిన్నాన్న "చూశావా, మన బావే శుద్ధం" అని మీసం తిప్పుతున్నాడు.

రిటైర్డ్_కెమిస్ట్రీ | గురువారం రాత్రి 8:20

చిన్నాన్న గారిని మీసం దించమనండి. రెండు బావులకూ మధ్య ఎంత దూరం? అదే ఎరువు, అదే నేలేనా?

పాతబావి | గురువారం రాత్రి 8:26

200 అడుగులు ఉంటుంది సార్. మధ్యలో గట్టు ఒక్కటే. నేల వాలు వాళ్ళ వైపు నుంచి మా వైపు.

ల్యాబ్_అక్క | గురువారం రాత్రి 9:15

వాళ్ళ బావిలో 58 ఉన్న నైట్రేట్ గట్టు దాటేసరికి 2 అయిందంటే దారిలో ఎవరో ఊపిరిగా వాడేస్తున్నారు. గుడ్డు వాసన పోయింది, ఇనుము తగ్గింది, నైట్రేట్ ఇంకా తిరిగి రాలేదు. అంటే మీ బావి మెట్లు ఎక్కుతోంది, పైకి చేరలేదు. ఆకులూ చెత్తా కుళ్ళినా నైట్రేట్ తగ్గుతుంది కాబట్టి ఇదే తీర్పని అనను. కానీ తినేవాళ్ళు ఇంకా పనిలో ఉన్నారంటే తిండి ఇంకా మిగిలి ఉందని నా అనుమానం. మీ మేనల్లుడిది రైటు అయ్యేకొద్దీ ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, చిక్కు అదే.

అమెరికాలో బెమిడ్జి అనే ఊరి దగ్గర 1979లో ముడి చమురు పైపు పగిలింది. శాస్త్రవేత్తలు 1983 నుంచి ఆ నేలను చూస్తూనే ఉన్నారు. నీళ్ళు నడిచినంత దూరం విషం నడవలేదు, బ్యాక్టీరియా దారిలోనే తినేస్తోంది. అయినా 40 ఏళ్ళు దాటినా చమురు అక్కడ ఉంది. రెండూ ఒకేచోట నిజం.

వాసన లేదని ధీమా వద్దు. తాగే నీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఒక్క చుక్క 4,000 లీటర్ల ట్యాంకరును హద్దు దాటిస్తుంది. మన ముక్కు పసిగట్టేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువైతేనే. ఎండాకాలం నీళ్ళు బాగా దిగినప్పుడు వాసన వస్తుందేమో గమనించారా?

పాతబావి | గురువారం రాత్రి 9:50

కంప తీసింది ఇప్పుడు, వానల తర్వాతే. కానీ పోయిన మే నెలలో మేకలు కాసే పెద్దాయన "బావి దగ్గర బండి వాసన వస్తాంది" అన్నాడు. రోడ్డు మీద లారీలేమో అనుకున్నాం.

ల్యాబ్_అక్క | గురువారం రాత్రి 10:02

నీళ్ళు దిగితే మట్టికి అంటుకున్న పాత పెట్రోలుకు గాలి తగులుతుంది, అప్పుడు వాసన. నీళ్ళు పైకొస్తే అది కిందే మునిగి ఉంటుంది, కొంచెం కొంచెం కరుగుతుంది. మోటారు పెట్టి బావి ఎండేదాకా తోడాలనుకుంటే ఆగండి, చుట్టుపక్కల మిగిలింది మీ వైపుకే లాగుతుంది. తాగడానికి, వంటకు వద్దు. కాచితే పోతుంది కదా అని మూసిన వంటగదిలో కాచకండి, పోయేది మీ ముక్కులోకే.

బెంజీన్, టాల్యూన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ నాలుగూ చూస్తామని రాసిచ్చే ల్యాబుకే ఇవ్వండి. గాజు సీసా, ప్లాస్టిక్ వద్దు. అంచుదాకా నింపి మూత బిగించి తలకిందులు చెయ్యండి. లోపల ఒక్క గాలి బుడగ కనబడినా పారబోసి మళ్ళీ నింపండి, ఉన్న బెంజీన్ ఆ బుడగలోకి ఎక్కేస్తుంది. ఐస్ పెట్టెలో తీసుకెళ్ళండి.

పాతబావి | గురువారం రాత్రి 10:15

సరే అక్కా. ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి ఇస్తాను. కంప మళ్ళీ వేసేశాం. మా చిన్నాన్న ఇదంతా చదివి "నైట్రేట్ తినేది కూడా బ్యాక్టీరియానేనా" అని ఒక్క మాట అడిగి బయటికి వెళ్ళాడు. మా అమ్మ మాత్రం బిందె తోముతానని పట్టుబడుతోంది, అటక మీదికి నిచ్చెన తీసి దాచాను.

రేణిగుంట_ప్యాసింజర్ | గురువారం రాత్రి 10:19

ఐస్ పెట్టె నా దగ్గరుంది, మా బావమరిది చేపలు తెచ్చేది. బాగా కడిగి ఇస్తాను.